చెకుముకి రైఫిల్ లాక్‌కి ఏ ముస్తాబు నప్పుతుంది?

ఇటలీలోనో స్పెయిన్‌లోనో తయారైన రెప్లికా చెకుముకి రైఫిల్ కొన్నవాళ్లకి ఇంటికి తెచ్చుకున్న కొన్నాళ్లకే ఒక వెలితి కనిపించడం మొదలవుతుంది. చెక్క బాగుంటుంది, ఇత్తడి సామాను బాగుంటుంది. లాక్ దగ్గరికొచ్చేసరికి మాత్రం తడి రోడ్డు మీద పెట్రోలు ఒలికినట్టు నీలం, ఊదా మరకలు, అచ్చుతో నొక్కిన తీగల డిజైను, వెడల్పాటి గాడి ఉన్న స్క్రూలు. 1770ల నాటి పెన్సిల్వేనియా రైఫిల్ అనుకుని కొన్నది, ఆ చెయ్యెడు జాగాలో మాత్రం ఫ్యాక్టరీ సరుకులా కనిపిస్తుంది. విడిభాగాలుగా వచ్చే కిట్ కొన్నవాళ్ల ఇబ్బంది ఇంకోరకం. వాళ్ల చేతికి ఏ పూతా లేని ఉత్త ఉక్కు వస్తుంది. దాన్ని ఏం చేయాలో వాళ్లే తేల్చుకోవాలి.

లాక్ అంటే రైఫిల్ కుడిపక్కన ఉండే, నిప్పు పుట్టించే యంత్రం. రాయిని దవడల మధ్య పట్టుకునేది కాక్. రాయి వచ్చి గీరుకునే ఉక్కు పలక ఫ్రిజెన్. చిటికెడు తుపాకిమందు పోసే చిన్న గిన్నె పాన్. వీటన్నిటినీ మోసేది లాక్‌ప్లేట్. లోపలివైపు కాక్‌ని విసిరే మెయిన్‌స్ప్రింగు, కాక్‌తో పాటు తిరిగే టంబ్లర్, దాని గాట్లలో పడి ఆపే సియర్, వీటిని పట్టి ఉంచే బ్రైడిల్ ఉంటాయి. మనం మార్చబోయేది బయటికి కనిపించే భాగాల రూపమే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చాలామంది రంగుతో మొదలుపెట్టి రంగుతోనే ఆగిపోతారు. లాక్ పాతకాలపుదిలా కనిపించేది దాని అంచుల వల్ల, గీతల వల్ల. ఆకారం సరిచేసి ఏ రంగూ వేయకుండా వదిలేసిన లాక్, ఆకారం చూసుకోకుండా ఎంత ఖరీదైన రంగు వేసిన లాక్ కంటే కూడా బాగుంటుంది.

ముందు కాలం తేల్చుకోండి

పెన్సిల్వేనియా రైఫిల్ లాంకాస్టర్ చుట్టుపక్కల స్థిరపడిన జర్మన్ కమ్మరుల చేతిలో రూపుదిద్దుకుంది. వాళ్లు వెంట తెచ్చుకున్న పొట్టి యేగర్ రైఫిలే 18వ శతాబ్దంలో సాగి, సన్నబడి అమెరికన్ లాంగ్ రైఫిల్ అయింది. బారెల్, చెక్క అక్కడే చేసుకున్నా లాక్‌లు చాలావరకు యూరప్ నుంచి దిగుమతి అయ్యేవి. అమెరికా విప్లవయుద్ధ కాలం నాటి రైఫిల్ మీద వెనకవైపు సూదిగా సాగిన జర్మన్ పద్ధతి లాక్ సహజంగా ఉంటుంది. శతాబ్దం చివరికి వచ్చేసరికి బర్మింగ్‌హామ్ నుంచి వచ్చే కెట్‌లాండ్ వంటి ఇంగ్లిష్ లాక్‌లు ఎక్కువయ్యాయి. మీ రైఫిల్ ఏ దశాబ్దానిదో తెలియకుండా లాక్ ముస్తాబు మొదలుపెడితే, 1770ల రైఫిల్‌కి 1850ల ముఖం వచ్చేస్తుంది.

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం. మీకు కావలసింది ఆనాడు కొత్తగా ఉన్న రైఫిలా, ఈనాడు పాతబడి మిగిలిన రైఫిలా? మ్యూజియంలో అద్దం వెనక మనం చూసేది రెండున్నర శతాబ్దాల వయసు. 1776లో వేటగాడి భుజాన ఉన్నదానికి ఆ వయసు లేదు. దాని లాక్ మెరుగుపెట్టిన ఉక్కు, వాడకంతో కాస్త బూడిద రంగుకి తిరిగి ఉంటుంది. ఆ కాలపు సైనిక మస్కెట్లే చూడండి. బ్రిటిష్ వాళ్ల బ్రౌన్ బెస్‌కి గానీ ఫ్రెంచివాళ్ల షార్ల్‌విల్‌కి గానీ 18వ శతాబ్దంలో లాక్‌లు తెల్లగా మెరిసేవే. కేస్ హార్డెనింగ్ అప్పుడూ ఉంది, కానీ అది ఇనుము పైపొరని గట్టిపరచడానికి. ఆ క్రమంలో వచ్చే రంగుల్ని అలంకారంగా వదిలేయడం 19వ శతాబ్దపు తుపాకుల మీదే ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే ఫ్యాక్టరీ లాక్ రంగులు చూడగానే కంటికి ఏదో తేడా కొడుతుంది.

చవకలో అయిపోయేవి: రాయి, స్క్రూలు

అన్నిటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ తేడా తెచ్చేది రాయి. ఫ్యాక్టరీ రైఫిళ్లతో తరచూ వచ్చేది యంత్రంతో కోసిన అగేట్ ముక్క. నాలుగు అంచులూ తిన్నగా, నున్నగా ఉంటాయి. దాన్ని తీసి, చేత్తో చెక్కిన నల్లటి ఇంగ్లిష్ చెకుముకి రాయి పెట్టండి. సఫోక్‌లోని బ్రాండన్ ఊరు ఈ రాళ్లు చెక్కడానికి పేరుమోసింది. ఫ్రెంచి రాయి అయితే తేనె రంగులో ఉంటుంది. ఏదైనా సరే, పలచటి తోలు ముక్కలో చుట్టి దవడల మధ్య బిగించాలి. మస్కెట్లకి తోలు బదులు సీసం రేకు కూడా వాడేవారు. ఒక్క రాయి మారితేనే కాక్ ముఖం మారిపోతుంది.

తర్వాత స్క్రూలు. పై దవడని బిగించే స్క్రూ లాక్ మొత్తంలో ఎత్తుగా, అందరికీ కనిపించే చోట ఉంటుంది. పాతవాటి తల గుండ్రంగా, గాడి సన్నగా ఉండేది. అడ్డంగా ఒక రంధ్రం కూడా ఉన్నవి చాలా ఉన్నాయి, పుల్లలాంటిది దూర్చి తిప్పడానికి. ఇలాంటి స్క్రూలు విడిగా దొరుకుతాయి. మర సరిపోతుందో లేదో చూసుకుని కొనండి.

స్క్రూ తలలకి నీలం ఎక్కించడం ఇంట్లోనే చేసుకోగలిగిన ముచ్చటైన పని. తలని సన్నటి ఎమరీ పేపరుతో అద్దంలా రుద్ది, జిడ్డు లేకుండా ఎసిటోన్‌తో తుడవాలి. ఇనుప గరిటెలో ఇత్తడి రజను పోసి, అందులో స్క్రూని తల పైకి ఉండేలా నిలబెట్టి కింద మంట పెట్టాలి. కాసేపు ఏమీ జరగదు. 220 డిగ్రీల సెల్సియస్ దాటాక తల మీద లేత ఎండుగడ్డి రంగు పాకుతుంది, అది ముదిరి గోధుమ అవుతుంది. 280 దగ్గర ఊదా వస్తుంది, 300 దగ్గర నెమలికంఠం నీలం. ఊదా కనిపించగానే మంట తీసేయాలి, మిగతా దూరం ఇనుములో ఉన్న వేడే లాక్కుపోతుంది. నీలం నిలవగానే నూనె చుక్క వేయాలి. కాస్త ఏమరుపాటుగా ఉంటే నీలం కూడా దాటిపోయి వెలసిన బూడిద మిగులుతుంది. అలా అయినా పోయిందేమీ లేదు, మళ్లీ రుద్ది మళ్లీ చేసుకోవచ్చు. తెల్లటి లాక్ మీద రెండు మూడు నీలం స్క్రూలుంటే చాలు, పనివాడి చెయ్యి పడిందని తెలిసిపోతుంది.

ఇదే వేడి ఫ్రిజెన్‌కి మాత్రం పెట్టకండి. రవ్వలు రావాలంటే దాని ముఖం గట్టిగా ఉండాలి. నీలం వచ్చేంత వేడి తగిలితే ఆ గట్టిదనం పోతుంది.

ఆకురాయి పని

చాలా రెప్లికా లాక్‌ల ప్లేటు, కాక్ మైనపు అచ్చు పోతతో చేసినవి. పోత వస్తువుకి రెండు గుర్తులుంటాయి: ఇసుక రేణువుల్లాంటి గరుకు, మొద్దుబారిన అంచులు. లాక్‌ప్లేటు చుట్టూ ఉండే ఏటవాలు అంచుని దగ్గరగా చూడండి. చేత్తో చేసిన లాక్‌లో సమతలం ఎక్కడ ఆగి వాలు ఎక్కడ మొదలవుతుందో గోటితో తాకితే తెలుస్తుంది. పోత లాక్‌లో ఆ రెండూ కరిగి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఆ గీతని తిరిగి తెప్పించడమే ఈ పనిలో సగం.

దీనికి సన్నపళ్ల ఆకురాయి, తర్వాత గట్టి చెక్కముక్కకి చుట్టిన ఎమరీ పేపరు చాలు. 220 నంబరు పేపరుతో మొదలుపెట్టి 320, 400 దాకా వెళ్లాలి; నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. చెక్కముక్క లేకుండా వేళ్లతో రుద్దితే అంచులు ఇంకా మొద్దుబారిపోతాయి. బఫింగ్ చక్రం పెడితే అంతకంటే ఘోరం: రంధ్రాల చుట్టూ గుంటలు పడతాయి, గీతలన్నీ మాయమవుతాయి. మోటారు జోలికి పోకండి.

కాక్ మెడని కాస్త సన్నం చేయొచ్చు, అంచులకి సన్నటి వాలు తీయొచ్చు. ప్లేటు తోకకి అడ్డంగా రెండు గీతలు, పాన్ కింద ఒక చిన్న మెట్టు తీస్తే పాత లాక్‌ల పోలిక వచ్చేస్తుంది. కానీ రెండు చోట్ల చెయ్యి ఆపాలి. కాక్ కిందికి దిగినప్పుడు ప్లేటు పై అంచుకి ఆనుకునే భుజం ఒకటి ఉంటుంది. దాన్ని అరగదీస్తే కాక్ ఆగవలసిన చోట ఆగదు, రాయి పోయి పాన్‌నో బారెల్‌నో కొడుతుంది. రెండోది ప్లేటు బయటి చుట్టుకొలత. తయారైన రైఫిల్‌లో చెక్కని ప్లేటు ఆకారానికి సరిగ్గా తొలిచి ఉంటారు. చుట్టూ వెంట్రుకవాసి అరగదీసినా చెక్కకీ ఇనుముకీ మధ్య నల్లటి సందు తేలుతుంది. అది పూడ్చడం లాక్ మార్చడం కంటే కష్టం. కిట్ వాళ్లకి ఈ బాధ తక్కువ. చెక్కలో లాక్ కూర్చోబెట్టకముందే చుట్టుకొలత పని ముగించుకోవచ్చు. ఈ మధ్య కంప్యూటర్ యంత్రాలతో తొలిచిన కిట్లలో మాత్రం చెక్క ముందే సరిగ్గా కొలిచి వస్తుంది, కాబట్టి వాటికీ పై హెచ్చరిక వర్తిస్తుంది.

ఫ్యాక్టరీ లాక్ గట్టిపడి ఉందో లేదో ముందే చూసుకోవాలి. ప్లేటు లోపలివైపు కనిపించని మూలన ఆకురాయి ఒకసారి ఆనించి తోయండి. కొరికితే మెత్తనిది. పళ్లు ఆనకుండా జారిపోతే పైపొర గట్టిది, ఆకురాయి పాడవుతుంది గానీ పని జరగదు. అలాంటప్పుడు ఆకారం పని వదిలేసి, ఎమరీతోనో నూనె రాయితోనో పైపై మెరుగు వరకే ఆగాలి.

రంగుల్లో దేనికి ఏది

తెల్లటి మెరుపు చరిత్రకి దగ్గరగా ఉంటుంది, చూడ్డానికి కొత్తగా ఉంటుంది. 400 తర్వాత 600తో ఒకే దిశలో రుద్ది వదిలేయడమే. క్రోమ్ పూత పూసినట్టు మెరవక్కర్లేదు. ఆనాటి పనివాళ్ల మెరుగులో కూడా సన్నటి గీతలు ఉండేవి. దీనికున్న చిక్కల్లా కాపాడుకోవడం. బ్లాక్ పౌడర్ అనే ఈ తుపాకిమందు మండాక మిగిలే ఉప్పులు గాల్లోని తేమని లాక్కుంటాయి. కాల్చిన రోజే నీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె రాయకపోతే తెల్లారేసరికి చుక్కలు చుక్కలుగా తుప్పు కనిపిస్తుంది. చెమట చేతులతో ముట్టుకున్నా వేలిముద్ర దిగిపోతుంది. గోడకి అలంకారంగా పెట్టుకునేవాళ్లు, సైనిక వేషధారణ ప్రదర్శనలకి వెళ్లేవాళ్లు, తుడవడంలో సరదా ఉన్నవాళ్లు దీన్ని ఎంచుకోవచ్చు.

బూడిద రంగు నా మొదటి ఎంపిక. 320 లేదా 400 దాకా మెరుగుపెట్టిన ఇనుముని తేలికపాటి ఆమ్లంతో మందగింపజేయడమే ఇది. తెల్ల వెనిగర్‌లో నానబెట్టేవాళ్లున్నారు, ఆవపిండి సాస్ పూసేవాళ్లున్నారు, ఎలక్ట్రానిక్స్ వాళ్లు సర్క్యూట్ బోర్డులకి వాడే ఫెర్రిక్ క్లోరైడ్‌ని పలచగా కలిపి వాడేవాళ్లున్నారు. వేడి పెట్టకుండానే ఇనుముని నల్లబరిచే కోల్డ్ బ్లూ ద్రావకం పూసి, అది నల్లబడగానే సన్నటి స్టీల్ ఊల్‌తో రుద్ది వెనక్కి తీసుకురావడం ఇంకో దారి. ఇందులో నలుపు గుంటల్లో, మూలల్లో మిగిలి, ఎత్తైన అంచులు తేలిపోతాయి. వాడకంలో జరిగేది కూడా అదే కాబట్టి కంటికి నమ్మకంగా ఉంటుంది. ఆమ్లం ఏదైనా పని అయ్యాక వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, వేడి నీళ్లు పోసి, వెంటనే ఆరబెట్టి నూనె పట్టించాలి. బాగా రాకపోతే అరగంట ఎమరీ పనితో మళ్లీ మొదటికి రావచ్చు. వెనక్కి తిరిగే దారి ఉండటం ఇలాంటి పనుల్లో చిన్న సంగతి కాదు.

బ్రౌనింగ్ అంటే తుప్పునే అదుపులో పెట్టి పూతగా మలచడం. జిడ్డు పూర్తిగా తీసిన ఇనుముకి ద్రావకం పలచగా పూసి, తేమగా ఉండే పెట్టెలో కొన్ని గంటలు వేలాడదీస్తారు. పైన నారింజ రంగు నూగు లేస్తుంది. ముతక గుడ్డతో ఆ నూగు రుద్దేసి మళ్లీ పూస్తారు. మొదటి రెండు పూతలకి మచ్చలు మచ్చలుగా, అసలు ఇది కుదురుతుందా అన్న టెన్షన్ పెట్టేలా ఉంటుంది. నాలుగైదు పూతలయ్యాక గింజగింజగా ఉన్న రంగు కలిసిపోయి ముదురు గోధుమలో నిలుస్తుంది. చివర వంటసోడా నీళ్లతో ఆపకపోతే తుప్పు తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. లారెల్ మౌంటెన్ ఫోర్జ్ వాళ్ల ద్రావకం ఈ పనికి బాగా వాడుకలో ఉంది. బర్చ్‌వుడ్ కేసీ వాళ్ల ప్లమ్ బ్రౌన్ వేరే రకం. ఇనుముని 135 డిగ్రీల దాకా వేడిచేసి పూస్తే అక్కడికక్కడే రంగు వస్తుంది. ఆ పొగ పీల్చకూడదు, పని ఆరుబయటే చేయాలి.

బారెల్‌కి బ్రౌనింగ్ ఎంతో బాగుంటుంది. లాక్‌కి మాత్రం నేను సలహా ఇవ్వను. ఆ కాలంలో లాక్‌ని బ్రౌన్ చేయడం అరుదు. పైగా లాక్‌లో ఒకదానికొకటి రాసుకునే చోట్లు చాలా ఉన్నాయి: కాక్ వెనకవైపు, ఫ్రిజెన్ కింది మడమ, దాని స్ప్రింగు. అక్కడ పూత వారంలో లేచిపోయి అతుకులేసినట్టు కనిపిస్తుంది. ఇత్తడి లేకుండా అంతా ఇనుప సామానే ఉన్న దక్షిణ అప్పలాచియా కొండప్రాంతపు రైఫిల్ చేసుకుంటున్నవాళ్లు, బారెల్‌కీ సామానుకీ జత కుదరాలని లాక్‌ని కూడా గోధుమ చేస్తే అర్థం చేసుకోగలను. అప్పుడు కూడా ప్లేటు బయటి ముఖం, కాక్ బయటి ముఖం వరకే. పాన్ లోపల, ఫ్రిజెన్ ముఖం, ప్లేటు లోపలివైపు తెల్లగానే ఉండాలి.

నీలం, నలుపు సంగతి క్లుప్తంగా. సీసాలో దొరికే కోల్డ్ బ్లూ ఒక్కటే పూతగా వేస్తే పలచగా ఉండి త్వరగా అరిగిపోతుంది. కొత్త ఫ్యాక్టరీ తుపాకి నలుపు చెకుముకి లాక్ మీద అసలు నప్పదు. తుప్పు పూతని మరిగే నీళ్లలో ఉడికించి నల్లగా మార్చే పాత పద్ధతి గట్టిగా నిలుస్తుంది గానీ, అది బారెల్‌కి పడాల్సిన శ్రమ. లాక్ మీద నీలం స్క్రూల వరకు ఉంటే చాలు.

కేస్ రంగుల దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే వాటిని ఇష్టపడేవాళ్లు ఎక్కువ. నిజమైన పద్ధతిలో ప్లేటునీ కాక్‌నీ ఎముక బొగ్గు, కట్టె బొగ్గు మధ్య పెట్టెలో బిగించి, 750 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో ఉంచి, ఒక్కసారిగా నీళ్లలో వదిలేస్తారు. ఇనుము పైపొరలోకి కార్బన్ ఎక్కి గట్టిపడుతుంది, పైన నీలం, గోధుమ, బూడిద మేఘాలు పరుచుకుంటాయి. చాలా అందంగా ఉంటుంది. కానీ ఇంట్లో చేసే పని కాదు. నీళ్లలో పడ్డప్పుడు ప్లేటు వంగిపోతే లోపలి భాగాలేవీ సరిగ్గా కూర్చోవు. ఇదే పని రోజూ చేసేవాళ్లకి పంపాలి, లాక్ పూర్తిగా విప్పి ప్లేటూ కాకూ మాత్రమే పంపాలి. అంత ఖర్చూ పెట్టాక కూడా రంగు శాశ్వతం కాదు. ఎండకి, చేతి రాపిడికి పలచబడిపోతుంది. 1840ల తర్వాతి ఖరీదైన ఇంగ్లిష్ తుపాకి రెప్లికా అయితే పెట్టండి. లాంకాస్టర్ రైఫిల్‌కి వద్దు.

ఇక ఫ్యాక్టరీ రంగుల్ని తీసేయాలనుకునేవాళ్లు. కొన్నిటి మీద ఉన్నది నిజమైన కేస్ హార్డెనింగ్, కొన్నిటి మీద రసాయనంతో పైపైన తెప్పించిన రంగు. రెండూ వెనిగర్‌కో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు జెల్‌కో లొంగుతాయి. రంగు పోయినా నిజమైనదాని గట్టిదనం పోదు, కాబట్టి భయం అక్కర్లేదు. ముప్పాతిక మంది రెడీమేడ్ యజమానులకి ఇదొక్కటే చాలంటాను: రంగు తీసి, 400తో రుద్ది, రాయి, స్క్రూ మార్చేయడం. అయితే స్ప్రింగుల్ని ఆమ్లంలో ఎప్పుడూ ముంచకండి. గట్టి ఉక్కు ఆమ్లంలో నానితే పెళుసెక్కుతుంది. ఇవాళ బాగానే ఉన్నట్టుండి, ఇంకోరోజు కాక్ ఎత్తగానే ఫట్‌మంటుంది.

కృత్రిమంగా పాతబరచడం విడిగా చెప్పుకోవాలి. బట్టలకి వాడే బ్లీచ్‌లో ఇనుము ముంచి గుంటలు పడేలా తుప్పు పట్టించి, దాన్ని రుద్ది, మళ్లీ నల్లబరిచి, ముందు తరాల చేతులు మారి వచ్చినట్టు కనిపించేలా చేస్తారు. బాగా చేసేవాళ్ల చేతిలో ఇదొక కళ. కొత్తగా చేసేవాళ్ల చేతిలో మాత్రం అన్నిచోట్లా ఒకేలా గుంటలు పడి, పాతదిలా కాక పాడైనదిలా కనిపిస్తుంది. నిజమైన పాత లాక్‌లో గుంటలు ఎక్కువగా ఉండేది పాన్ చుట్టూ, పాన్‌లోని మంట బారెల్‌లోకి వెళ్లే సన్నటి రంధ్రం, అంటే టచ్‌హోల్ పక్కన, ఎందుకంటే మందు మండేది అక్కడే. తోక దగ్గర నున్నగా ఉంటుంది. ఆ తేడా చూపించలేకపోతే ఈ దారి వద్దు. చేసేవాళ్లకి ఒక హెచ్చరిక: బ్లీచ్‌ని వెనిగర్‌తోనో మరో ఆమ్లంతోనో కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది, ప్రాణాపాయం. రెండూ ఒకే బల్ల మీద కూడా పెట్టుకోకండి.

పేరు, ముద్ర, చెక్కడం

లాక్‌ప్లేటు మొదటినుంచీ సంతకం పెట్టే చోటు. బ్రౌన్ బెస్ ప్లేటు మీద కిరీటం, రాజు పేరు గుర్తుగా జీఆర్ అక్షరాలు, తోక వైపు టవర్ అన్న మాట ఉండేవి. ఈస్టిండియా కంపెనీ మన గడ్డ మీద వాడిన మస్కెట్ల లాక్‌ల మీద మొదట హృదయాకారంలో కంపెనీ గుర్తు, తర్వాత కాలంలో నిలబడ్డ సింహం కనిపిస్తాయి. టిప్పు సుల్తాన్ కోసం శ్రీరంగపట్నంలో చేసిన తుపాకుల మీద పులి, పులిచారలు. ఎవరి తుపాకో లాక్ చూసి చెప్పేయొచ్చు.

మీ రైఫిల్ మీద ఏం ఉండాలన్నది అందుకే ఆలోచించాల్సిన విషయం. పెన్సిల్వేనియా పనివాళ్లు తమ పేరు సాధారణంగా బారెల్ మీద చెక్కుకునేవారు. లాక్ మీద ఉండేది చాలాసార్లు దిగుమతి చేసినవాడి పేరే. ఏమీ లేకపోయినా తప్పు లేదు. చెక్కించాలనుకుంటే తోకకి దగ్గరగా ఒక చిన్న ఆకుతీగ, అంచుల వెంట ఒక సన్నగీత, అంతే. నింపేయకండి. ఈ పని మెత్తటి ఇనుము మీదే సాగుతుంది, గట్టిపరిచాక ఉలి విరుగుతుంది. కాబట్టి వరస ఇది: ముందు ఆకారం, తర్వాత చెక్కడం, ఆ తర్వాతే గట్టిపరచడం, రంగు. సొంతంగా చేయాలనుకుంటే పనికిరాని ఇనుప పట్టీ మీద చెయ్యి కుదిరేదాకా గీయండి. ఉలి జారితే పడే గీత ఎంత రుద్దినా పోదు.

పాత పనివాడి పేరు కొట్టి, పాతబరిచి, అసలుదని అమ్మితే అది మోసం. మీ కోసమే చేసుకుంటున్నా, ప్లేటు లోపలివైపు మీ పేరూ సంవత్సరమూ కొట్టి ఉంచండి. మీ తర్వాత అది ఎవరి చేతికి వెళ్తుందో మీకు తెలియదు. బారెల్ మీద ఉన్న పరీక్ష ముద్రల్నీ నంబర్లనీ ముట్టుకోకండి.

లాక్‌నే మార్చేస్తే?

ఆకారం మొదటినుంచీ నచ్చకపోతే ముస్తాబు పెట్టి లాభం లేదు. అమెరికాలో జిమ్ చేంబర్స్ పేరుతో నడిచే సంస్థ అమ్మే సైలర్ లాక్ జర్మన్ పద్ధతికి చాలాకాలంగా అందరూ నమ్మేది. ఎల్ అండ్ ఆర్ వాళ్లు కొన్ని ఫ్యాక్టరీ రైఫిళ్ల గూట్లో కూర్చునేలా బదులు లాక్‌లు చేశారు. రూపంతో పాటు రవ్వలూ వేగమూ మెరుగవుతాయి, అది అసలు లాభం. సరిగ్గా కూర్చుంటుందని చెప్పినా చెక్కని కాస్తో కూస్తో తొలవాల్సి వస్తుందనుకునే మొదలుపెట్టండి. పాన్‌కీ టచ్‌హోల్‌కీ మధ్య లెక్క తప్పితే పాన్‌లో మంట వస్తుంది గానీ తుపాకి పేలదు. మీ రైఫిల్‌కని ప్రత్యేకంగా చేసిన లాక్ లేకపోతే ఈ పని తెలిసినవాళ్లకి అప్పగించడమే మేలు. మన దేశంలో తయారై అమెరికాకి వెళ్లే మస్కెట్ రెప్లికాలకి ఇంకో చిక్కుంది. అవి టచ్‌హోల్ వేయకుండా వెళ్తాయి. లాక్ ముస్తాబు ఒక ఎత్తు, అక్కడ రంధ్రం వేసి కాల్చడం ఇంకో ఎత్తు. బారెల్ నాణ్యత తెలిసినవాళ్లు పరీక్షించకుండా రెండోదానికి పోకండి.

విప్పేముందు, బిగించాక

మందు కూరే కడ్డీ, అంటే ర్యామ్‌రాడ్ బారెల్‌లోకి దింపి మందు లేదని చూసుకున్నాకే లాక్ ముట్టుకోవాలి. మెయిన్‌స్ప్రింగుని దానికోసం చేసిన వైస్‌తోనే నొక్కాలి, కటింగ్ ప్లేయర్‌తో కాదు. కాక్ కింద స్క్రూడ్రైవర్ దూర్చి లేపితే ప్లేటు మీద గాటు పడుతుంది. టంబ్లర్‌ని లోపలికి ఇత్తడి కడ్డీతో మెల్లగా తట్టితే కాక్ దానంతటదే వస్తుంది. టంబ్లర్ మీది గాట్లు, సియర్ ముక్కు ఈ రెండిటినీ ఎమరీతో తాకనే వద్దు. సగం ఎత్తిన కాక్ నిలబడేది వాటి మీదే. తిరిగి బిగించాక, ఖాళీ తుపాకి కాక్‌ని సగం ఎత్తి మీట గట్టిగా నొక్కి చూడండి. పడిపోతే దాన్ని మందుతో వాడకూడదు, పనివాడి దగ్గరికే తీసుకెళ్లాలి.

చట్టం విషయం కూడా ఇక్కడే. అమెరికాలో 1968 నాటి తుపాకుల చట్టం చెకుముకి రెప్లికాలని పురాతన ఆయుధాల కిందే చూస్తుంది, కానీ రాష్ట్రాల నియమాలు వేరుగా ఉంటాయి. పెన్సిల్వేనియాలో చెకుముకి తుపాకులతోనే జింకల వేటకి 1974 నుంచి ప్రత్యేక సీజన్ ఉంది. అక్కడ స్థిరపడ్డ మనవాళ్లకి ఈ సరదా అంటుకోవడానికి అదొక దారి. ఆంధ్ర, తెలంగాణల్లో ఉన్నవాళ్లు మాత్రం ఇది చదివి కాల్చగలిగే రెప్లికా తెప్పించుకుందామనుకోకండి. 1959 ఆయుధాల చట్టం కింద మందు దట్టించే తుపాకికీ లైసెన్సు కావాలి. నాటు తుపాకి కేసులు పేపర్లో చూస్తూనే ఉంటాం కదా.

ఇన్ని దారుల్లో ఇంకా తేల్చుకోలేనివాళ్లకి నేను చెప్పేది ఒకటే వరస. రెడీమేడ్ రైఫిల్ అయితే రాయి, స్క్రూ మార్చి, రంగులు తీసి, 400 దగ్గర ఆపండి. కిట్ అయితే అంచుల పని తీరిగ్గా చేసి, బూడిద రంగు పట్టించి, మైక్రోక్రిస్టలైన్ మైనం రుద్ది వదిలేయండి. ఒక సీజన్ కాల్చండి. పాన్ చుట్టూ మందు పొగ తన నలుపు తాను వేసుకుంటుంది, కాక్ మీద బొటనవేలు ఆనే చోట తెల్లబడుతుంది. ఆ తర్వాత కూడా ఇంకేదో కావాలనిపిస్తే, చెక్కేవాడి దగ్గరికి అప్పుడు వెళ్లండి.